డ్రాగన్ రాపీడ్: ముక్కులో ఉన్న ఆ ఒక్క సీటు

డి హావిలాండ్ కంపెనీ చేసిన డ్రాగన్ రాపీడ్ అనే పాత ప్రయాణికుల విమానం గురించి ఎవరు చెప్పినా అది పుట్టిన 1934, చెక్క, గుడ్డ, ఒకదాని మీద ఒకటి ఉండే జంట రెక్కల అందం అంటూ మొదలుపెడతారు. అవన్నీ చాలామంది చెప్పినవే. ఇంగ్లండ్ తూర్పు వైపున ఒక గడ్డి రన్‌వే మీద చాలా ఏళ్లుగా వేసవి వారాంతాల్లో నేను దీన్ని నడుపుతున్నాను. ఇన్నేళ్లలోనూ నాకు తనివి తీరనిది ఒక్కటే: పైలట్ కోసం ముక్కులో పెట్టిన ఆ ఒక్క సీటు.

నిజంగానే ఒక్క సీటు. పక్కన ఎవరూ ఉండరు, రెండో జత కంట్రోల్స్ ఉండవు. ఎదురుగా, రెండు పక్కలా అద్దాలే. ముక్కు సన్నగా కిందికి వాలి ఉంటుంది కాబట్టి ముందున్న నేలను ఏదీ అడ్డుకోదు. తోక నేలకు ఆని, ముక్కు పైకెత్తి ఉండే తోక చక్రం విమానాల్లో నేల మీద నడిపేటప్పుడు ముందేముందో కనపడక పాములా వంకరలు తిరుగుతూ పోవాలి. ఇందులో ఆ బాధ చాలా తక్కువ. చుట్టూ పొలాలు, చర్చి శిఖరాలు, కాలవలు, మధ్యలో మనం. ఇంత చూపు ఇచ్చే విమానం నా చేతికి ఇంకొకటి రాలేదు.

ఆ సీటు దాకా వెళ్లడం మాత్రం అంత సులువు కాదు. తలుపు విమానం వెనక భాగంలో, ఎడమ పక్కన ఉంటుంది. కింది రెక్క మొదట్లో అడుగు వేయడానికి వేరుగా చేసిన పట్టీ మీదే కాలు పెట్టాలి, పక్కన గుడ్డ మీద పెడితే చిరిగి లోపలికి దిగుతుంది. తోక నేల మీద ఉంటుంది కాబట్టి లోపల నడవ అంతా ఎగువకు ఉంటుంది. నడుం వంచి, సీట్ల మధ్య నుంచి ఎక్కుతూ ముందుకు పోవాలి. ప్రయాణికులు కూర్చున్నాక ఏదైనా మర్చిపోయామని గుర్తొస్తే మళ్లీ వాళ్ల మోకాళ్లు రాసుకుంటూ వెనక్కి రావాలి.

నేర్చుకోవడం కూడా అలాగే. ఇన్‌స్ట్రక్టర్‌కి పక్కన చోటు లేదు. వెనక నుంచి భుజం మీదుగా తొంగిచూస్తూ మాటతోనే చెప్పాలి, చెయ్యి వేసి సరిదిద్దే వీలు లేదు. అందుకే ముందు వేరే తోక చక్రం విమానాల మీద చెయ్యి బాగా తిరిగితేనే దీని మీదికి పంపుతారు. 1936 జూలైలో సెసిల్ బెబ్ అనే పైలట్ లండన్ దగ్గరి క్రోయిడన్ నుంచి, తర్వాత స్పెయిన్ నియంత అయిన ఫ్రాంకో కోసం ఒక రాపీడ్‌ని కానరీ దీవులకు తీసుకెళ్లాడు, ఆ విమానం ఇప్పుడు మాడ్రిడ్ మ్యూజియంలో ఉంది. రాజకీయం సంగతి పక్కన పెట్టండి. అంత దూరం ఆ ఇరుకు ముక్కులో కూర్చుని నడపడం ఎంత కష్టమో ఈ సీటు ఎరిగినవాళ్లకు తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ఒక జూలై మధ్యాహ్నం, ఇంగ్లండ్‌లో అరుదుగా కాసే గట్టి ఎండ. సీట్లన్నీ నిండాయి. లేచి కాస్త ఎత్తుకు చేరామో లేదో కుడి ఇంజన్ వణకడం మొదలుపెట్టింది. చప్పుడులో లయ తప్పింది, ఆర్‌పీఎం, అంటే ఇంజన్ తిరిగే వేగం, పడిపోతోంది. ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు ఒక్కొక్కటిగా మార్చి చూశాను, తేడా లేదు. ఆ ఇంజన్ శక్తి తగ్గించడానికి థ్రాటిల్ వెనక్కి తీసేశాను.

రెండు ఇంజన్లున్నాయి కదా, ఒకటి పోతే ఇంకోటి ఉందిలే అని చాలామంది అనుకుంటారు. కొత్త రెండింజన్ల విమానాల్లో ఆగిన ఇంజన్ ప్రొపెల్లర్‌ని ఫెదర్ చేయొచ్చు, అంటే దాని బ్లేడ్లను గాలికి అంచులా తిప్పేయొచ్చు. మా రాపీడ్‌లో బ్లేడ్ల కోణం మారదు. ఆ ప్రొపెల్లర్ గాలికి తిరుగుతూనే ఉంటుంది, విమానాన్ని వెనక్కి లాగుతూనే ఉంటుంది. నిండా బరువు, వేడి గాలి, చేతిలో మిగిలింది ఒక్క 200 హార్స్‌పవర్ ఇంజన్. ఎత్తు నిలబడలేదు, మెల్లగా దిగిపోతున్నాం. విమానం కుడికి తిరగకుండా ఎడమ కాలు రడ్డర్ (తోక దగ్గరి చుక్కాని) పెడల్ మీద బిగబట్టాను. కాసేపటికే తొడ వణకడం మొదలైంది.

ఆ నిమిషాల్లో నాకు ఆ సీటు మీద నిజంగా కోపం వచ్చింది. రేడియోలో చెప్పాలి, మిగిలిన ఇంజన్ గేజీలు చూసుకోవాలి, దిగే చోటు చూసుకోవాలి, అన్నీ నేనే. ఒక్క చెక్‌లిస్ట్ చదివి పెట్టేవాళ్లయినా పక్కన లేరు. క్యాబిన్‌కీ నాకూ మధ్య తలుపు తెరిచే ఉంది, నా టెన్షన్ అందరికీ కనిపిస్తూనే ఉంది. ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడ ముందుకు వంగి, అంతా బాగానే ఉందా అని అడిగారు. ఒక ఇంజన్ సరిగా పనిచేయడం లేదు, వెనక్కి వెళ్లి దిగుతున్నాం, బెల్టులు బిగించుకోమని అందరికీ చెప్పండి అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి ఆ మాట ఎంత నెమ్మదిగా చెప్పారంటే, ఒక్కరు కూడా కంగారుపడలేదు. ఆవిడకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మమ్మల్ని కాపాడింది కూడా మళ్లీ ఆ ముక్కే. రన్‌వే ఒక్క క్షణం కూడా చూపు దాటిపోలేదు. తిరుగుతున్నప్పుడు రెండు పక్కలా ఏ పొలంలో దిగొచ్చో కూడా కనిపిస్తూనే ఉంది. రన్‌వే ఖాయంగా అందుతుందని తేలేదాకా రెక్కల కింద తెరుచుకుని గాలి లాగుడు పెంచే ఫ్లాప్స్ ముట్టుకోలేదు. ఒక ఇంజన్‌తో, అంత బరువుతో కిందికి వచ్చాక మళ్లీ లేచి ఇంకో చుట్టు తిరగడం కుదరదు. ఉన్నది ఒకే అవకాశం. ఎప్పటిలాగే తోక పైన ఉంచి ముందు చక్రాల మీద దింపాను. ఈ సన్నని రెక్కలతో మూడు చక్రాలూ ఒకేసారి ఆనించాలని చూస్తే ఒక రెక్క వాలిపోయే ప్రమాదం ఉంది.

తర్వాత ఇంజన్ విప్పి చూస్తే పొగ బయటికి వదిలే ఒక ఎగ్జాస్ట్ వాల్వ్, అది కదిలే గొట్టం (గైడ్)లో బిగుసుకుపోయింది. ఈ పాత జిప్సీ ఇంజన్ల సిలిండర్లు తలకిందులుగా ఉంటాయి కాబట్టి వాల్వులు కింద ఉంటాయి, నిలబడే చేయి పెట్టొచ్చు. మెకానిక్‌లకు ఈ విమానం మీద అంత ప్రేమ ఎందుకో అర్థం చేసుకోవచ్చు.

ఇంత చూపు ఇచ్చే విమానం లేదని పైన అన్నాను, ఇప్పటికీ అంటాను. కాకపోతే నాది వేసవి, వారాంతం, మంచి వాతావరణం, పది మైళ్ల చుట్టుపక్కల. చలికాలంలో స్కాట్లండ్‌లోని ఇన్వర్‌నెస్ నుంచి ఆర్క్‌నీ దీవులకు రాపీడ్ నడిపిన ఆ రోజుల పైలట్లు ఆ సీటు గురించి ఇలాగే రాసేవారని చెప్పలేను. ఆ జూలై తర్వాత ఎండ బాగా కాసిన రోజున సీట్లన్నీ నింపడం మానేశాను. నిర్వాహకులకు అది నష్టమే, అయినా ఒప్పుకున్నారు. పక్కన ఇంకొకరు ఉండాలనుకునేవాళ్లకు అదే కంపెనీ చేసిన డ్రాగన్‌ఫ్లై నయం, అందులో ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు. అయితే ఎగిరే స్థితిలో ఉన్న డ్రాగన్‌ఫ్లైలు దొరకడమే కష్టం.

ప్రయాణికులుగా ఎక్కే అవకాశం వస్తే ముందు సీటు అడగండి, పైలట్ భుజం మీదుగా నేను చెప్పిన ఆ చూపు కొంతైనా దొరుకుతుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో బరువులు చూసి నిర్ణయిస్తారు కాబట్టి అడిగినవాళ్లందరికీ ఇవ్వలేం.