పోపు ఫ్రాన్సిస్ విడిచిన చోట్లు, కోరుకున్న చోట్లు: రోము యాత్రానుభవాలు

రోము వెళ్ళే యాత్రికుల్లో ఎక్కువమంది వాటికన్ గోడల పక్కనే బస వెతుక్కుంటారు. పోపు ఫ్రాన్సిస్ గురించి జనం ఏమనుకుంటున్నారో వినాలన్న ఆసక్తి ఉన్నవారికి ఆ పద్ధతి అంతగా ఉపకరించదని నా అభిప్రాయం. 2013 మార్చి 13న ఎన్నికైనప్పటి నుంచి 2025 ఏప్రిల్ 21న కన్నుమూసే వరకు తాను ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో, చివరికి ఎక్కడ సమాధి కావాలో ఆయనే నిర్ణయించుకున్నారు. ఆయనకు దక్కిన మెప్పులోనూ ఎదురైన విమర్శలోనూ చాలా భాగం ఈ నిర్ణయాలతో ముడిపడి ఉన్నదే. అందుచేత ఆయన వద్దనుకున్న చోట్లనూ, కోరుకున్న చోట్లనూ కలిపి చూసేలా ప్రయాణం అమర్చుకున్నాను.

మొదటి బస ఎస్క్విలిన్ కొండ మీద, టెర్మిని స్టేషనుకు నడక దూరంలో, మఠకన్యలు నడిపే ఒక అతిథి గృహంలో. ఫ్యుమిచినో విమానాశ్రయం నుంచి టెర్మినికి వచ్చే లియొనార్దో ఎక్స్‌ప్రెస్ టికెట్టు 14 యూరోలు. ప్రయాణం అరగంటకు కాస్త ఎక్కువ. గదిలో ఇనుప మంచం, చిన్న బల్ల, గోడకు సిలువ తప్ప మరేమీ లేవు కాని, శుభ్రతకు వంక పెట్టలేము. రాత్రి పదకొండింటికి గేటు మూసేస్తారు, సాయంత్రాలు వేడినీళ్ళు ఎప్పుడు వస్తాయో చెప్పలేము, నగర పన్నును గది అద్దెతో కలపకుండా విడిగా నగదు రూపంలో అడుగుతారు. ఇవన్నీ భరించవచ్చు. ఎందుకంటే అక్కడి ఉదయపు ఫలహారపు బల్ల దగ్గర దొరికే సంభాషణ ఏ పెద్ద హోటల్లోనూ దొరకదు.

ఆ బల్ల దగ్గర ఒక ఉదయం బ్యూనస్ ఎయిరిస్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక యువ జంట నాకు ఎదురుగా కూర్చున్నారు. పన్నెండేళ్ళు పోపుగా ఉండి, ఇన్ని దేశాలు తిరిగి, పుట్టిన దేశమైన అర్జెంటీనాకు ఒక్కసారి కూడా రాలేదన్న నొప్పి ఆవిడను వదలడం లేదు. అయినా ఆవిడ వచ్చింది ఆయన సమాధి చూడటానికే. ఫ్రెంచి దంపతుల బాధ వేరు. పాత లాటిన్ పూజకు అంతకు ముందరి పోపు పదహారవ బెనెడిక్ట్ 2007లో విస్తృతంగా ఇచ్చిన అనుమతిని ఫ్రాన్సిస్ 2021 జులైలో గట్టిగా కుదించారు. పెళ్ళి కూడా ఆ పూజాక్రమంలోనే చేసుకున్న తమను, కరుణ గురించి అంతగా మాట్లాడిన పోపే పరాయివాళ్ళను చేశారని వారి ఆరోపణ. విడాకులు పొంది మళ్ళీ పెళ్ళి చేసుకున్నవారి విషయంలో ఆయన చూపిన ఉదారతపై 2016లో నలుగురు కార్డినళ్ళు (పోపు తర్వాతి హోదా ఉన్న మతాధికారులు) లిఖితపూర్వకంగా సందేహాలు లేవనెత్తగా, ఆయన వారికి నేరుగా జవాబివ్వలేదన్నది కూడా ఆ యువకుడే గుర్తుచేశాడు. నేను తెలుగువాణ్ణని తెలిశాక, మీ వాళ్ళేమంటారని అడిగాడు. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీని 2022లో కార్డినల్‌గా నియమించింది ఫ్రాన్సిసే కనుక, దళితుల నుంచి ఆ పదవికి చేరిన తొలి వ్యక్తి ఆయనే కనుక, మా వైపు లెక్క వేరేగా ఉంటుందని చెప్పాను.

అక్కడి నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే సాంతా మరియా మజ్జోరె బసిలికా అనే పెద్ద చర్చి వస్తుంది. ప్రవేశం ఉచితం, భద్రతా తనిఖీ వరుస ఉదయం తొందరగా కదులుతుంది, పదింటి తర్వాత ఎండలో నిలబడక తప్పదు. ప్రతి విదేశీ పర్యటనకు ముందూ తర్వాతా ఫ్రాన్సిస్ ఇక్కడి మరియమాత చిత్రపటం ముందు ప్రార్థించేవారు. ఆ చిత్రపటం ఉన్న పౌలీనా ప్రార్థనాలయానికీ స్ఫోర్జా ప్రార్థనాలయానికీ నడుమ గోడలోని గూటిలో ఆయన సమాధి ఉంది. పూర్వికుల ప్రాంతమైన లిగూరియా నుంచి తెచ్చిన లేతరంగు రాయి, పైన ఆయన ధరించిన సిలువకు ప్రతిరూపం, రాతి మీద లాటిన్ లిపిలో ఫ్రాన్సిస్కుస్ అన్న ఒక్క పేరు. అంతే. అక్షరాల మధ్య ఎడం సమానంగా లేదు. మొదటి మూడూ విడివిడిగా ఉన్నాయి, తర్వాతివి దగ్గరగా ఒరుసుకున్నాయి. అక్షర రూపకల్పన తెలిసినవారు దీన్ని అప్పట్లోనే ఎండగట్టారు. ఇంత అజాగ్రత్తా అని నా పక్కన నిలబడ్డ ఒకాయన గొణిగాడు. ఆయన భార్య మాత్రం చేత్తో చెక్కినట్టు ఉంది, ఇదే బాగుందంది. కాపలాదారు ఇద్దరినీ ముందుకు నడవమన్నాడు.

1903లో మరణించిన పదమూడవ లియో తర్వాత వాటికన్ వెలుపల సమాధి అయిన తొలి పోపు ఫ్రాన్సిసే. దీన్ని వినయానికి పరాకాష్ఠ అనేవారు ఎంతమందో, పోపు పదవికి ఒక వంశపరంపర వంటి గౌరవం ఉంటే దాన్ని తన సొంత అభిరుచికి లోబరచుకున్నారని నొచ్చుకునేవారూ అంతమంది కనిపించారు. నాకైతే రెండో వాదం బలహీనంగా తోచింది, ఎందుకంటే ఈ బసిలికాలో పూర్వపు పోపుల సమాధులు ఇంకా ఉన్నాయి. అన్నట్టు, తల పైకెత్తితే కనిపించే బంగారు పైకప్పుకు అమెరికా ఖండాల నుంచి వచ్చిన తొలి బంగారం వాడారని చెబుతారు. లాటిన్ అమెరికా నుంచి వచ్చిన తొలి పోపు దాని నీడనే ఉన్నారు.

తర్వాత బసను వాటికన్ పక్కనున్న బోర్గో వీధులకు మార్చాను. అద్దె బాగా పెరిగింది, గది మాత్రం చిన్నదైంది. కిటికీ కింద సూట్‌కేసుల చక్రాల చప్పుడు అర్ధరాత్రి దాకా ఆగదు. వాటికన్ మ్యూజియంలకు టికెట్టు 20 యూరోలు, ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే మరో 5. ఆ అయిదు యూరోలకు వెనుకాడకండి, ఎండలో గంటలు మిగులుతాయి. బుధవారం జరిగే పోపు దర్శనానికి ప్రవేశ పత్రం ఉచితం, వీధిలో ఎవరైనా అమ్మజూపితే తీసుకోనక్కరలేదు. సెయింట్ పీటర్స్ చౌకులో నిలబడి చూస్తే పోపులు నివసించే రాజప్రాసాదపు కిటికీ కనిపిస్తుంది. ఫ్రాన్సిస్ ఆదివారం మధ్యాహ్నాలు ఆ కిటికీ దగ్గరకు వచ్చి ప్రార్థన చేసేవారు గాని, నివసించింది మాత్రం సాంతా మార్తా అతిథి గృహంలో. అది 1996లో కట్టిన సాదాసీదా భవనం, సందర్శకులకు ప్రవేశం లేదు.

ఈ చౌకు దగ్గర నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది స్తంభాల వరుస. 2015లో ఫ్రాన్సిస్ దాని చాటున నిరాశ్రయుల కోసం స్నానపు గదులు ఏర్పాటు చేయించారు, క్షౌరశాల కూడా పెట్టించారు. పక్కనే ఉన్న పలాత్సో మిల్యోరి అనే 19వ శతాబ్దపు భవనాన్ని 2019లో వారి ఆశ్రయంగా మార్చారు. బోర్గోలో ఒక్క రాత్రికి నేను చెల్లించిన అద్దె గుర్తున్నంత కాలం, హోటలు చేయదగిన అటువంటి చోటును ఉచితంగా ఇవ్వడం ఎంత పెద్ద నిర్ణయమో నాకు విడిగా చెప్పనక్కరలేదు. అయితే ఇదే నగరంలో 2017 ఫిబ్రవరిలో, ముఖం ముడుచుకున్న ఆయన ఫొటోతో, నీ కరుణ ఏమైందని రోము మాండలికంలో నిలదీసే పోస్టర్లు గోడల మీద వెలిశాయి. చిలీలో మతగురువుల లైంగిక వేధింపుల బాధితులు అడిగిందీ దాదాపు అదే. ఆ వేధింపులను కప్పిపుచ్చారన్న ఆరోపణ ఉన్న ఒక బిషప్పును 2018 జనవరిలో గట్టిగా సమర్థించిన ఫ్రాన్సిస్, విచారణ తర్వాత ఏప్రిల్‌లో తాను తీవ్రంగా పొరబడ్డానని రాశారు. మే నెలలో ఆ దేశపు బిషప్పులందరూ రాజీనామా పత్రాలు అందజేశారు. ఆ క్షమాపణను కొందరు ధైర్యమన్నారు, కొందరు ఆలస్యమన్నారు. ఆలస్యమన్న మాటతోనే నేను ఏకీభవిస్తాను. స్నానపు గదుల పుణ్యం ఆ ఆలస్యాన్ని మాఫీ చేయదు.

చివరగా, టెర్మిని నుంచి ముప్పావు గంట లోపు రైలు ప్రయాణంలో ఉన్న కాస్తెల్ గాందోల్ఫో. స్టేషను నుంచి ఊళ్ళోకి ఎక్కుడు దారి నిటారుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి. శతాబ్దాలుగా పోపుల వేసవి విడిదిగా ఉన్న ఇక్కడి భవనంలో ఫ్రాన్సిస్ ఒక్క వేసవి కూడా గడపలేదు. తోటలను 2014లో, భవనాన్ని 2016లో సందర్శకులకు తెరిపించారు. అల్బానో సరస్సు కనిపించే మెట్ల దగ్గర ఫలహారశాల నడిపే ఒకాయన, మొదట ఆదివారాల జనం పోయి దుకాణం మూసే పరిస్థితి వచ్చిందనీ, మ్యూజియం వచ్చాక ఏడాది పొడవునా బేరం ఉందనీ, అయినా పోపు లేని ఊరికి కళ తక్కువేననీ ఒక్క ఊపిరిలో చెప్పాడు. ఫ్రాన్సిస్ తర్వాత పోపు అయిన పదునాల్గవ లియో 2025 జులైలో మళ్ళీ ఇక్కడికే విడిదికి రావడంతో ఆ దుకాణదారు ముఖం విప్పారింది. లియో ఉండే రోజుల్లో ఊరి చౌకు కిక్కిరిసిపోతుంది, కనుక భవనాన్ని తీరిగ్గా చూడాలనుకునేవారు ఆయన లేని వారాన్నే ఎంచుకోవడం మేలు.