వేల్స్ పేరుతోనా, యూకే పేరుతోనా: పిల్లల యూరోవిజన్‌కి ఏ దారి మేలు?

యూరప్ దేశాల మధ్య జరిగే పిల్లల పాటల పోటీ జూనియర్ యూరోవిజన్‌కి బ్రిటన్ పిల్లలు ఎలా వెళ్తే బాగుంటుంది? బ్రిటన్‌లో ఒక భాగమైన వేల్స్ పేరుతో, అక్కడి భాష వెల్ష్‌లో పాడుతూనా, యునైటెడ్ కింగ్‌డమ్ పేరుతో ఇంగ్లీషులోనా? ఇది ఊరికే ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు, రెండూ జరిగినవే. 2018, 2019లో వేల్స్ తన సొంత పేరుతో వెళ్లింది, 2022, 2023లో బీబీసీ యూకే పేరుతో వెళ్లింది. చెరో రెండేళ్లు. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తా, వేల్స్ దారికే. కానీ అవతలి వైపు కూడా గట్టి కారణాలున్నాయి, వాటిని దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు.

తెలియని వాళ్ల కోసం క్లుప్తంగా. పెద్దల యూరోవిజన్‌కి ఇది పిల్లల రూపం, 2003లో కోపెన్‌హేగన్‌లో మొదలైంది. ఇప్పుడు 9 నుంచి 14 ఏళ్ల పిల్లలు పాడుతున్నారు. దేశానికి ఒకటే పాట, అదీ కొత్త పాటే, అందులో ఎక్కువ భాగం ఆ దేశ భాషలో ఉండాలి, కొంత ఇంగ్లీషు కలుపుకోవచ్చు. మార్కుల్లో సగం జ్యూరీలవి, సగం ఆన్‌లైన్ ఓట్లవి. పిల్లల్ని పంపేది ప్రభుత్వం కాదు, టీవీ సంస్థ. అసలు కీలకం ఇక్కడే ఉంది. పెద్దల పోటీకి మొత్తం యూకే తరఫున బీబీసీయే వెళ్తుంది కాబట్టి వేల్స్‌కి విడిగా చోటు లేదు. పిల్లల పోటీకి ఐటీవీ అనే మరో బ్రిటన్ టీవీ సంస్థ 2003 నుంచి 2005 దాకా పంపించి (2004లో రెండో స్థానం కూడా తెచ్చుకుని) మానేసింది, ఆ తర్వాత చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఖాళీలోకి వెల్ష్ భాషా చానల్ ఎస్ ఫోర్ సి అడుగుపెట్టింది.

స్థానాలే కొలత అనుకుంటే వాదన ఇక్కడితో ఆపేయొచ్చు. 2018లో బెలారస్‌లోని మిన్స్క్‌లో వేల్స్ తరఫున మనూ పాడితే 20 దేశాల్లో 20వ స్థానం వచ్చింది. ఆమెకి 29 పాయింట్లు, ఆమెకన్నా ఒక్క మెట్టు పైనున్న సెర్బియాకి 30. తర్వాతి ఏడాది పోలండ్‌లోని గ్లివీత్సెలో ఎరిన్ మై పాడితే 19 దేశాల్లో 18వ స్థానం. అదే బీబీసీ వెళ్లిన మొదటి ఏడాదే, 2022లో ఆర్మేనియాలోని యెరెవాన్‌లో, ఫ్రేయా స్కై 5వ స్థానంలో నిలిచింది, ఆన్‌లైన్ ఓట్లలో అయితే అందరికన్నా పైన ఉంది. 2023లో నీస్‌లో స్టాండ్ యునీక్ అనే ముగ్గురమ్మాయిల బృందానికి 4వ స్థానం. ఇందులో వాదించడానికేమీ లేదు.

పైగా ఇది పిల్లల పోటీ. పాయింట్లు చదివేటప్పుడు కెమెరా నేరుగా పిల్ల ముఖం మీదికి వెళ్తుంది. ఒక్కో దేశం పేరు వస్తుంది, తన పేరు రాదు, అయినా నవ్వు చెదరకుండా చేతిలో జెండా ఊపుతూ కూర్చోవాలి. పదమూడేళ్ల పిల్లకి అది చిన్న విషయం కాదు. ఒకప్పుడు ఎవరికీ సున్నా రాకూడదని అందరికీ ముందే 12 పాయింట్లు ఇచ్చి మొదలుపెట్టేవాళ్లంటేనే నిర్వాహకులకి కూడా ఈ బాధ తెలుసని అర్థం. కాబట్టి "స్థానం ముఖ్యం కాదు, పాల్గొనడమే ముఖ్యం" అని సోఫాలో కూర్చుని చెప్పేయడం నాకు నచ్చదు. పిల్లని పంపేవాళ్లు గెలవగలిగే పాట ఇచ్చి పంపాలి, అది వాళ్ల బాధ్యత. ఈ ఒక్క విషయంలో బీబీసీకి పూర్తి మార్కులు వేస్తాను. ఆ రెండు పాటలూ రేడియోలో మామూలుగా వేసినా సరిపోయే పాప్ పాటలు. వేల్స్ రెండు పాటలు నాకు అంత గట్టిగా అనిపించలేదు. పాడినవాళ్ల లోపం కాదు, ఆ రెండేళ్లూ గెలిచిన పోలండ్ పాటలు పక్కన పెట్టుకుని వింటే పాట కట్టిన తీరులోనే తేడా తెలిసిపోతుంది.

అయితే చాలామంది ఇక్కడే ఓ మాట అనేస్తారు: వెల్ష్ ఎవరికి అర్థమవుతుంది, అందుకే ఓడిపోయింది అని. నేను అస్సలు ఒప్పుకోను. జనాభా 40 లక్షలు కూడా లేని జార్జియా ఈ పోటీ నాలుగుసార్లు గెలిచింది, 2008, 2011, 2016, 2024లో. 2008లో గెలిచిన పాటైతే ఏ భాషా కాదు, తేనెటీగల మాటల్లా అల్లిన ఊహాభాష! ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే పక్కనే ఐర్లండ్ ఉంది. అక్కడ ఐరిష్ భాషా చానల్ టీజీ4 2015లో మొదలుపెట్టి, 2020 ఒక్కటి వదిలేసి, ఏటా ఐరిష్ పాటలతో పిల్లల్ని పంపుతూ వచ్చింది. 2022లో యెరెవాన్‌లో ఫ్రేయా స్కై 146 పాయింట్లతో 5వ స్థానంలో ఉంటే, సరిగ్గా ఆమె పైన 150 పాయింట్లతో 4వ స్థానంలో ఉన్నది ఎవరనుకున్నారు? ఐరిష్‌లో పాడిన సోఫీ లెనన్. ఇంగ్లీషు అంటే ప్రపంచమంతా వింటుంది, చిన్న భాష అంటే ఎవరూ వినరు అనే లెక్క ఆ రాత్రి నిలబడలేదు. మరుసటి ఏడాది ఐర్లండ్ ఆఖరి స్థానానికి పడిపోయింది, అదీ చెప్పాలి. భాష మారలేదు, ఫలితం మారింది. అంటే తేల్చేది పాటే, భాష కాదు.

ఇక పిల్లల్ని ఎంపిక చేసే పద్ధతి. ఎస్ ఫోర్ సి ఆడిషన్లు పెట్టి, మెంటర్లని పెట్టి, దాన్ని టీవీ సిరీస్‌గా చూపించి, లాన్‌డిడ్నోలో ఫైనల్ జరిపింది. బీబీసీ అలాంటి పోటీ పెట్టకుండా లోపల్లోపలే ఎంచుకుని పేరూ పాటా ప్రకటించింది. దీనికి లాభముంది, ఓడిపోయిన పిల్లలు టీవీలో ఏడవక్కర్లేదు, పాటకి తగ్గ గొంతుని ముందే వెతికి పెట్టుకోవచ్చు. ఫ్రాన్స్ కూడా ఇలాగే లోపల ఎంచుకుని 2020, 2022, 2023లో గెలిచింది. గెలుపు కోసమే అయితే ఇదే సరైన పద్ధతి, నిజం.

కానీ వేల్స్ సంగతి వేరు. అక్కడి పిల్లలకి స్టేజీ పోటీలు కొత్త కాదు. 1922లో మొదలైన ఉర్ద్ అనే యువజన సంస్థ నడిపే ఐస్టెడ్‌ఫోడ్ అనే కళల పోటీల పండగలో పాట, పద్యం, నాట్యం అన్నీ వెల్ష్‌లోనే, ముందు ఊళ్లో గెలిచి, తర్వాత జిల్లాలో గెలిచి, అప్పుడు పెద్ద స్టేజీ ఎక్కుతారు. పాడుతా తీయగా చూస్తూ పెరిగిన మనకి ఆ వాతావరణం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి చోట ఇంత పెద్ద పోటీకి ఆడిషన్ పెట్టి "రండి, మీ భాషలో పాడండి" అంటే అది ఆ ఒక్క పిల్ల కోసం కాదు, ఇంట్లో కూర్చుని చూసే పిల్లలందరి కోసం.

ఎస్ ఫోర్ సి పుట్టుకే అలాంటిది. వెల్ష్‌కి ప్రత్యేక చానల్ ఇస్తామన్న మాట ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే, 1980లో గ్విన్‌వోర్ ఎవాన్స్ అనే నాయకుడు నిరాహార దీక్షకి దిగుతానని ప్రకటించాడు, ప్రభుత్వం దిగొచ్చింది, 1982 నవంబర్ 1న చానల్ మొదలైంది. పొట్టి శ్రీరాములు గారి దీక్ష గురించి చదువుకున్న వాళ్లకి ఈ కథ పరాయిదిగా అనిపించదు. 2011 జనాభా లెక్కల్లో 5,62,000 మంది వెల్ష్ మాట్లాడేవాళ్లుంటే 2021 నాటికి 5,38,000కి తగ్గారు, తగ్గుదల ముఖ్యంగా పిల్లల్లోనే. 2050కల్లా పది లక్షల మంది కావాలని అక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. అంటే వాళ్లకి కావాల్సింది పదేళ్ల పిల్లలే, ఈ పోటీ చూసేదీ వాళ్లే. స్కూల్లో టీచర్ చెప్తే రాని ఇష్టం, తన వయసు పిల్ల అంత పెద్ద లైట్ల కింద తన భాషలో పాడుతుంటే వస్తుంది. ఇంగ్లీషుకి ఆ అవసరం లేదు కదా, ఇంకో ఇంగ్లీషు పాట వల్ల ఇంగ్లీషుకి ఒరిగేదేముంది?

బీబీసీ దారిలో పాడిన పిల్లకి ఒరిగింది, ఒప్పుకుంటాను. ఫ్రేయా స్కై ఇప్పుడు డిస్నీ సినిమాలో ప్రధాన పాత్ర చేసే దాకా వెళ్లింది. ఆ ప్రతిభ ఆమెదే, యెరెవాన్ స్టేజీ ఆమెకి ఉపయోగపడింది కూడా. మీ పిల్ల పాప్ గాయని కావాలన్నది కోరికైతే యూకే దారే మీకు మేలు.

నాకు కోపం తెప్పించేది మాత్రం రెండు సంస్థలకీ సమానంగా వర్తిస్తుంది: ఇద్దరూ రెండేళ్లకే ఆపేశారు. ఎస్ ఫోర్ సి 2020లో కోవిడ్ వల్ల తప్పుకుంది, అది అర్థం చేసుకోదగ్గదే, కానీ మళ్లీ రాలేదు. బీబీసీ 5, 4 స్థానాలు తెచ్చుకుని కూడా 2024లో మానేసింది. ఐర్లండ్‌ని చూడండి, మొదటి ఏడాది 12వ స్థానం, 2018లో 15, 2021లో 18, ఆ మరుసటి ఏడాది 4. మధ్యలో విసుగొచ్చి ఆపేసి ఉంటే ఆ నాలుగో స్థానం ఉండేదా? వేల్స్‌కి కూడా ఇంకో మూడు నాలుగేళ్లు ఇచ్చి చూడాల్సింది.

బీబీసీ వెళ్లనంత కాలం దారి ఖాళీగానే ఉంది. ఎస్ ఫోర్ సి మళ్లీ వెళ్లాలి, ఆడిషన్ పద్ధతి అలాగే ఉంచి, పాట విషయంలో మాత్రం బీబీసీని చూసి నేర్చుకోవాలి: మంచి పాప్ రచయితని ముందే పట్టుకుని, వెల్ష్‌లోనే, ఎంపికైన పిల్ల గొంతుకి తగ్గట్టు రాయించాలి. కనీసం అయిదేళ్లు వరసగా పంపుతామని మొదటే చెప్పి మరీ మొదలుపెట్టాలి.