వ్యోమింగ్ తంతి దారిలో మూడు రోజులు, మావయ్యగారితో

మా మావయ్యగారు గుంటూరు తంతి ఆఫీసులో మోర్స్ కొట్టి కొట్టి రిటైరైన మనిషి. ఆర్నెల్లు ఉందామని డెన్వర్ వచ్చారు. నయాగరా చూపిస్తామంటే "నీళ్లేగా" అని తేల్చేశారు. అందుకే జూన్‌లో వ్యోమింగ్ బయల్దేరాం. అమెరికా తూర్పు పడమరలను 1861 అక్టోబరు 24న కలిపిన టెలిగ్రాఫ్ లైను ఆ దారినే వెళ్లింది. ఆ తీగ దెబ్బకి గుర్రాల మీద ఉత్తరాలు మోసిన పోనీ ఎక్స్‌ప్రెస్ రెండేళ్లు కూడా నిండకుండా మూతపడింది.

మొదట ఫోర్ట్ లారమీ. మా ఇంటి నుంచి మూడు గంటల పైచిలుకు డ్రైవు, టికెట్ లేదు. పేరుకే కోట, చుట్టూ గోడ ఉండదు. బొచ్చు వ్యాపారుల దగ్గర 1849లో సైన్యం 4,000 డాలర్లకు కొన్న చోటిది. మైదానం చుట్టూ విడివిడిగా భవనాలు. వాటిలో తెల్లటి రెండంతస్తుల చెక్క మేడ పేరు ఓల్డ్ బెడ్‌లామ్, పెళ్లికాని ఆఫీసర్ల బస. వేసవిలో సిపాయిల బారులో సార్సపరిల్లా సోడా అమ్ముతారు. తాగితే మన సుగంధి సోడాయే గుర్తొచ్చింది. దీనికి ఒక పూట సరిపోదు, రోజంతా పెట్టుకోండి.

రాత్రి దగ్గర్లోని ఓ చిన్న ఊళ్లో మోటెల్. "మీ బుకింగ్ మాకు అందలేదే" అన్నారు కౌంటర్లో. ఫోన్లో కన్ఫర్మేషన్ చూపిస్తే, రాత్రంతా లారీలు మోగే రోడ్డు పక్క గది ఇచ్చారు. "అందిందని అట్నుంచి జవాబు రాకుండా ఎట్లా నమ్మావయ్యా?" అని మావయ్యగారు నన్నే తప్పుపట్టారు. శాకాహారులకు ఈ దారిలో దొరికేది ఆలూ చిప్స్, సలాడ్. మమ్మల్ని కాపాడింది రైస్ కుక్కర్, గోంగూర పచ్చడి.

రెండోరోజు క్యాస్పర్ ఊళ్లోని ఫోర్ట్ క్యాస్పర్. ఇవి అసలు కట్టడాలు కావు, 1936లో మళ్లీ కట్టినవి. టెలిగ్రాఫ్ గదిలో బల్లకి బిగించిన మోర్స్ కొట్టే కీ దగ్గర మావయ్యగారు అరగంట కదల్లేదు. కొట్టే చేతిని బట్టి అవతల ఉన్నది ఎవరో చెప్పేసేవాళ్లమన్నారు. ఈ పోస్టులో సిపాయిల పని నది మీది వంతెననీ, తీగనీ కాపాడటం, తెగితే అతికించడం. తమ నేల మీదుగా వచ్చిపడ్డ ఆ తీగని అక్కడి ఆదివాసీ తెగలైన లకోటాలు, షయాన్లు తెంపుతూనే ఉండేవాళ్లు. 1865 జులై 26న బండ్ల వరసకి సాయంగా వెళ్లి చనిపోయిన లెఫ్టినెంట్ క్యాస్పర్ కాలిన్స్‌కి ఇరవై ఏళ్లు. కొలరాడోలో మనవాళ్లు చాలామంది ఉండే ఫోర్ట్ కాలిన్స్ ఆయన తండ్రి పేరు మీద వచ్చింది. ఇంటిపేరు అప్పటికే వాడేశారు కాబట్టి ఇక్కడ కొడుకు సొంత పేరు పెట్టారు. ఊరి పేరుకొచ్చేసరికి స్పెల్లింగులో ఒక అక్షరం మారిపోయింది. రెండు గంటలు చాలు ఇక్కడ. గాలి మాత్రం మనిషిని నెట్టేస్తుంది, టోపీ పట్టుకోండి.

ఇంకో రెండు గంటలు ఉత్తరానికి పోతే ఫోర్ట్ ఫిల్ కియర్నీ. చూడ్డానికి ఏమీ లేదని మా ఆవిడ ముఖం ముడుచుకుంది. నిజమే, 1868లో సైన్యం వెళ్లిపోగానే తగలబెట్టేశారు. గడ్డి, ఫలకాలు, మళ్లీ నిలబెట్టిన కొంచెం దుంగల గోడ, చిన్న మ్యూజియం. నాకు మాత్రం మూడింట్లో ఇదే నచ్చింది. ఎందుకంటే ఇక్కడికి తీగ రాలేదు.

1866 డిసెంబరు 21న కొండ అవతల ఆ తెగలతో జరిగిన పోరులో ఇక్కడివాళ్లు 81 మంది చనిపోయారు. ఆ రాత్రే కబురు చేరవేయడానికి జాన్ ఫిలిప్స్ అనే పోర్చుగీసు మనిషి మంచులో గుర్రమెక్కాడు. తీగ అందిన హార్స్‌షూ స్టేషన్లో క్రిస్మస్ పొద్దున టెలిగ్రామ్ కొట్టించి, అయినా ఆగకుండా ఫోర్ట్ లారమీ దాకా పోయాడు. మొత్తం 236 మైళ్లు. రాత్రి అతను చేరేసరికి మేం మొన్న చూసిన ఓల్డ్ బెడ్‌లామ్‌లో డాన్సు నడుస్తోంది.

"టెలిగ్రామ్ కొట్టాక మళ్లీ ఎందుకు పోవడం?" అంది మా ఆవిడ.

"అందిందని జవాబు రావాలి కదమ్మాయ్" అని మావయ్యగారు నావైపు చూశారు.

తిరుగు ప్రయాణం ఆరు గంటలు. పెట్రోలు బఫలో ఊళ్లోనే నింపుకోండి, తర్వాత బంకులు చాలా దూరం దూరంగా ఉన్నాయి.