ఒరేయ్, నీ డబ్బా అరుస్తోంది: సొంతంగా చేసుకున్న రీఫ్ కంట్రోలర్‌తో అయిదేళ్లు

మా అక్వేరియం కింది అలమారలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. మూత తీస్తే రాస్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు ఒకటి, ఆర్డ్యునో అనే చిన్న కంట్రోల్ బోర్డు ఒకటి, ఎనిమిది రిలేలు (బోర్డు చెబితే పడే కరెంటు స్విచ్చులు), మిగతాదంతా వైర్లు. అయిదేళ్లుగా 250 లీటర్ల ఉప్పునీళ్లకి, అందులోని పగడాలకి, రెండు క్లౌన్ చేపలకి అదే కాపలా. అయిదేళ్లూ ఒకటే డబ్బా అనుకోకండి, ఇప్పుడున్నది మూడోది. మొదటిది నా కోడ్ వల్ల పోయింది, రెండోది ఉప్పు వల్ల పోయింది. మూడోదానికి రెండేళ్లు దాటాయి కాబట్టి ఇక ధైర్యంగా రాయొచ్చనిపించింది.

రీఫ్ ట్యాంకు, అంటే పగడాల అక్వేరియం, పెంచేవాళ్లకి తెలిసిందే, అక్కడ పనంతా ఏదీ మారకుండా చూసుకోవడమే. నీళ్లు 25, 26 డిగ్రీల మధ్య ఉండాలి. ఉప్పు వెయ్యికి 35 పాళ్లు. ఆల్కలినిటీ, అంటే నీళ్లలోని కార్బొనేట్ల లెక్క, నా ట్యాంకులో 8.5 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్). కాస్త అటూ ఇటూ అయినా పగడాలు సర్దుకుంటాయి గానీ, పొద్దున ఒకలా రాత్రికి ఒకలా ఉంటే ముడుచుకుపోతాయి. లైట్లు వేళకి వెలగాలి, హీటరు వేళకి ఆగాలి, ఆవిరైనన్ని మంచినీళ్లు తిరిగి పడాలి. ఇవన్నీ మామూలు టైమర్లతో, హీటరుకి ఉండే సొంత థర్మోస్టాట్‌తో చేయొచ్చు. మొదట్లో నేనూ అలాగే నెట్టుకొచ్చాను. ఒకసారి మూడు రోజులు ఇంట్లో లేకపోయేసరికి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తిరిగొచ్చిన వారమే సోల్డరింగ్ ఐరన్ తీశాను.

మొదటి డబ్బా మొత్తం ఆర్డ్యునో మీదే. ఉష్ణోగ్రతకి డీఎస్18బీ20 సెన్సారు, స్టీలు గొట్టంలో మూసి ఉండే రకం. చవక, మూడు వైర్లు, మధ్యలో ఒక 4.7 కిలో ఓమ్ రెసిస్టరు, అంతే. దానికి ఒక అలవాటుంది. కరెంటు అందగానే, ఇంకా కొలవకముందే అడిగితే 85 డిగ్రీలని చెబుతుంది. ఆ సంగతి డేటాషీట్‌లోనే రాసి ఉంది, నేనే చదవలేదు. కనెక్టరు దగ్గర వైరు వదులై సెన్సారు మధ్యమధ్యలో ఆరిపోయి మళ్లీ మొదలయ్యేది. నా ప్రోగ్రామ్ పది రీడింగుల సగటు తీసేది. తొమ్మిదిసార్లు 25.5 వచ్చి ఒక్కసారి 85 వస్తే సగటు 31 దాటుతుంది. దాంతో అది కంగారుపడి హీటరు ఆపేసి, ఫ్యాన్లు ఆపకుండా తిప్పింది. చలికాలం ఒక తెల్లవారుజామున లేచి చూస్తే చేపలు కదలట్లేదు. చేతి థర్మామీటరు పెడితే 22. తెర మీద మాత్రం ‘వేడి ఎక్కువైంది’ అని మెరుస్తోంది.

అప్పటినుంచి సగటు తీయడం మానేశాను. అయిదు రీడింగుల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టి మధ్యదాన్ని తీసుకుంటాను. 15కి తక్కువ, 40కి ఎక్కువ ఏదొచ్చినా పక్కన పారేస్తాను. ప్రోబులు కూడా రెండు పెట్టాను, సంప్‌లో (ట్యాంకు నీళ్లు దిగి తిరిగి పైకెళ్లే కింది తొట్టి) ఒకటి, పై ట్యాంకులో ఒకటి. ఆ రెండిటికీ డిగ్రీ తేడా వస్తే బజర్ మోగుతుంది. ఏది నిజం చెబుతోందో తేల్చే తెలివి దానికి ఇవ్వలేదు, ఆ పని నాదే.

రెండో తప్పు బయటపడటానికి దాదాపు యాభై రోజులు పట్టింది. ఆర్డ్యునో మిల్లీసెకన్లు లెక్కపెట్టుకునే అంకె 32 బిట్లది. 49.7 రోజులకి అది నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆల్కలినిటీ తగ్గకుండా నేను గంటకోసారి కొన్ని మిల్లీలీటర్ల సోడియం కార్బొనేట్ ద్రావణం పోయమని రాశాను. పోయినసారి పోసిన సమయానికి గంట కలిపి, ‘ఇప్పటి సమయం దాన్ని దాటితే పొయ్యి’ అని. ఆ చివరి గంటలో కలిపిన లెక్క నిండిపోయి చిన్న అంకె అయిపోయింది, ఇప్పటి సమయమేమో ఇంకా పెద్ద అంకెగానే ఉంది. సమయం దాటిపోయిందనుకుని పోసింది. మళ్లీ చూసింది, మళ్లీ దాటినట్టే ఉంది, మళ్లీ పోసింది. నేను వచ్చేసరికి నీళ్లలో సన్నగా మంచు కురిసినట్టు కాల్షియం కార్బొనేట్ తేలుతోంది. ఆల్కలినిటీ 11.5 దాటింది. ద్రావణం సీసాలో ఆరోజు గ్లాసుడు కూడా లేకపోవడం వల్ల అక్కడితో ఆగింది. సీసా నిండుగా ఉంటే ఈ సమీక్ష ఖాళీ ట్యాంకు గురించి అయ్యేది. ఇప్పటి సమయంలోంచి పోయినసారి సమయం తీసివేసి, ఆ తేడా గంట దాటిందా అని చూస్తే ఈ గొడవే రాదు. ఒక్క లైను మార్పు.

కోడ్ సరిచేశాను, అది సరే. అంతకంటే పెద్ద మార్పు సీసాలో చేశాను. ఇప్పుడు డోసింగ్ సీసాల్లో, అంటే ట్యాంకులోకి పోసే ద్రావణాల సీసాల్లో, వారానికి సరిపడా మాత్రమే పోస్తాను. మొత్తం ఒకేసారి ట్యాంకులో పడినా పగడాలు బతికి బట్టకట్టాలి, అదే నా లెక్క. దీనివల్ల వారం వారం కూర్చుని నింపే పని పడింది. ఆ పని నాకు నచ్చదు, అయినా మార్చను.

ఈ ఆలోచన స్థిరపడటానికి ఒక నత్త కూడా సాయపడింది. ఆవిరైన నీటిని నింపే ఆటో టాప్ ఆఫ్‌కి అప్పట్లో 40 లీటర్ల తొట్టి ఉండేది, పదేసి రోజులు చూసుకోనక్కర్లేదని. ఒక టర్బో నత్త తాపీగా సంప్‌లోకి దిగి ఫ్లోట్ స్విచ్ మీదికెక్కి కూర్చుంది. దాని బరువుకి ఫ్లోట్ కిందికి దిగింది, నీళ్లు తగ్గాయని పంపు మొదలైంది. 25 లీటర్ల మంచినీళ్లు పడి సంప్ అంచుదాకా వచ్చింది. ఉప్పు 35 నుంచి 32కి దిగింది. నత్తకేమీ కాలేదు, ఇప్పటికీ ఉంది.

ఇప్పుడా తొట్టి 10 లీటర్లదే. మొత్తం పడిపోయినా 35 కాస్తా 33.7 అవుతుంది, ఆ మాత్రానికి ఎవరూ చావరు. ఫ్లోట్లు రెండు, చుట్టూ ప్లాస్టిక్ జాలీ. పైనున్న ఫ్లోట్ ప్రోగ్రామ్‌తో సంబంధం లేకుండా నేరుగా పంపు వైరునే తెంపుతుంది. పంపు ఒక విడతకి రెండు నిమిషాలకి మించి తిరగదు. నీళ్లని సంప్ నుంచి పైకి తోసే రిటర్న్ పంపు ఆగి మళ్లీ మొదలైన పది నిమిషాల దాకా టాప్ ఆఫ్ అసలు పనిచేయదు. ఎందుకంటే అప్పుడు సంప్‌లో మట్టం కాసేపు తక్కువగా కనిపిస్తుంది, అది చూసి నీళ్లు పోస్తే తర్వాత పంపు ఆగినప్పుడు నేలంతా తడి.

రెండో డబ్బాకి రాస్‌బెర్రీ పై తెచ్చి, దాంట్లో రీఫ్-పై అనే ప్రోగ్రామ్ వేశాను. ఇది ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, ఈ పనికే రాసినది. లైట్లు, టైమర్లు, ఉష్ణోగ్రత, డోసింగ్, అన్నీ బ్రౌజర్లో కనిపిస్తాయి. నా రాతకంటే అది వంద రెట్లు నయం. మీరు ఇప్పుడు మొదలుపెడుతుంటే సొంత కోడ్ జోలికి పోకుండా దీంతోనే మొదలుపెట్టండి.

అయితే ఒక చిక్కు బోర్డు దగ్గరే వచ్చింది. రాస్‌బెర్రీ పై మొదలయ్యేటప్పుడు, ఏ ప్రోగ్రామూ ఇంకా నడవకముందు, పరికరాలు తగిలించే జీపీఐఓ పిన్నుల్లో 0 నుంచి 8 దాకా ఎక్కువ వోల్టేజీ వైపు, 9 నుంచి 27 దాకా పిన్నులు సున్నా వైపు లాగి ఉంటాయి. చవక రిలే బోర్డులు చాలావరకు సున్నా ఇస్తే ఆన్ అయ్యే రకం. నేను డోసింగ్ పంపుని 17వ పిన్నుకి తగిలించాను. రీస్టార్ట్ చేసినప్పుడల్లా టక్కుమని రిలే పడి, రెండు మూడు చుక్కలు కారేవి. ముందు నేను గమనించనేలేదు, పక్కగదిలోంచి ఆ టక్కు మంటున్న చప్పుడు విని పట్టుకున్నాను. పంపుని 5వ పిన్నుకి మార్చాక మళ్లీ వినపడలేదు.

ఇక ఎస్‌డీ కార్డు. నిమిషానికి పదిసార్లు లాగ్ (రీడింగుల చిట్టా) రాయిస్తే ఏ కార్డయినా ఎన్నాళ్లు బతుకుతుంది? నాది పద్నాలుగు నెలలు బతికింది. ఇప్పుడు లాగ్ అంతా మెమరీలోనే ఉండి గంటకోసారి డిస్కు మీదికి వెళ్తుంది. ఆ డిస్కు కూడా యూఎస్‌బీకి తగిలించిన ఎస్‌ఎస్‌డీ.

రెండో డబ్బాని ఉప్పు తినేసిందన్నాను కదా. అలమార లోపల గాలే ఉప్పగా ఉంటుంది. నీళ్లలోని మురికిని నురగతో తీసే స్కిమ్మర్ బుడగలు చిట్లి సన్నని తుంపర లేస్తూ ఉంటుంది. ఏడాదిన్నరకి రిలే కాళ్లు పచ్చబడ్డాయి, స్క్రూ టెర్మినళ్లు చిలుము పట్టాయి. ఒక రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోయి హీటరు ఆగకుండా నడిచింది. అదృష్టం కొద్దీ హీటరు సొంత థర్మోస్టాట్‌ని నేను 27 దగ్గర పెట్టి ఉంచాను, అదే కాపాడింది. ఇది ఎవరికైనా చెప్పే ఒకే ఒక్క నియమం అనుకోండి: కంట్రోలర్ ఉందని హీటరు థర్మోస్టాట్‌ని పూర్తిగా పైకి తిప్పేయకండి, అవసరానికి ఒక డిగ్రీ పైన ఆపండి. మూడో డబ్బా అలమార బయట గోడకి ఉంది. బోర్డుకి రక్షణ పూత వేశాను. ప్రతి వైరూ డబ్బాలోకి వెళ్లే ముందు కిందికి వేలాడి పైకెక్కుతుంది, చుక్క జారినా కిందే రాలిపోతుంది. మెయిన్స్ లైను మీద 30 మిల్లీఆంపుల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్చు) తప్పనిసరి. అది లేకుండా ఈ పని మొదలుపెట్టడాన్ని నేను ఒప్పుకోను.

అన్నట్టు, రిలేకి రెండు రకాల కాంటాక్టులుంటాయి. రిటర్న్ పంపుని మామూలుగా మూసి ఉండే వైపు, హీటరుని మామూలుగా తెరిచి ఉండే వైపు తగిలించాను. డబ్బా మొత్తం చచ్చిపోతే పంపు తిరుగుతూనే ఉంటుంది, హీటరు ఆగిపోతుంది. నీళ్లు చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది, ఆక్సిజన్ తగ్గడానికి అంతసేపు పట్టదు. మూడో డబ్బాలో పనులు కూడా పంచేశాను. లైట్లు, గ్రాఫులు, డోసింగ్ షెడ్యూలు రాస్‌బెర్రీ పైకి. హీటరు, టాప్ ఆఫ్ మాత్రం విడిగా చిన్న ఆర్డ్యునోకి. దాని ప్రోగ్రామ్ రెండు పేజీలు కూడా ఉండదు, నెట్‌తో దానికి పనిలేదు.

పీహెచ్ గురించి అడుగుతారని తెలుసు. పెట్టుకోండి గానీ దాని మాట విని ఏదీ ఆన్ చేయకండి. ప్రోబు ఇచ్చే వోల్టేజీ చాలా చిన్నది, ఒక పీహెచ్ తేడాకి 59 మిల్లీవోల్టులు. రాస్‌బెర్రీ పైకి వోల్టేజీని నేరుగా కొలిచే అనలాగ్ ఇన్‌పుట్టే లేదు కాబట్టి వేరే బోర్డు కావాలి. మొదట పెట్టిన బోర్డుతో హీటరు ఆన్ అయినప్పుడల్లా పీహెచ్ 0.3 ఎగిరేది. నీళ్ల ద్వారా పాకే కరెంటు గోల అది. విద్యుత్తు పరంగా విడదీసిన బోర్డు పెట్టాకే కుదురుకుంది. నెలకోసారి 7, 10 ద్రావణాలతో సరిచూడాలి, ఏడాది దాటాక ప్రోబు మీద నమ్మకం పోతుంది.

అయినా నాకు ఆ గ్రాఫంటే ఇష్టం. పగలు 8.3కి ఎక్కుతుంది, లైట్లు ఆరి కిరణజన్య సంయోగక్రియ ఆగాక తెల్లారేసరికి 8.0కి దిగుతుంది. కిటికీలన్నీ మూసిన గదిలో నలుగురు చేరి కబుర్లు చెప్పుకున్న రోజు ఇంకాస్త దిగుతుంది. మనం వదిలిన గాలి నీళ్లలో కరిగినట్టు కళ్లకి కనిపిస్తుంది.

నిజంగా పనికొచ్చిన గ్రాఫు మాత్రం ఎవరూ పొగడనిది. టాప్ ఆఫ్ పంపు రోజుకి ఎన్ని నిమిషాలు తిరిగిందన్న లెక్క. ఫ్యాన్లు ఎంత తిరిగితే అంత ఆవిరి, అంత నీళ్లు. ఒకసారి ఆ నిమిషాలు వారంలో సగానికి పడిపోయాయి. చూస్తే ఒక ఫ్యాను ఉప్పు పేరుకుని బిగుసుకుపోయింది. నీళ్లు ఇంకా వేడెక్కలేదు, ఎండలు ముదిరేలోపే తెలిసింది. ఇంకోసారి నిమిషాలు పెరిగాయి, పైపు జాయింటు దగ్గర సన్నగా కారుతోంది.

డోసింగ్ పంపుల రబ్బరు గొట్టాలు అరుగుతాయి, రెండు మూడు నెలలకోసారి కొలిచి చూసుకోండి. లైట్ల గురించి చెప్పడానికేం లేదు, ఎల్ఈడీ డ్రైవర్లు అయిదేళ్లలో ఒక్కసారి కూడా పేచీ పెట్టలేదు.

డబ్బు మిగులుతుందని ఈ పనికి దిగేటట్టయితే వద్దు. కాల్చిన బోర్డులు, మార్చిన ప్రోబులు, పోయిన ఆదివారాలు అన్నీ కలిపితే రెడీమేడ్‌ది కొనుక్కోవడమే మేలు. సోల్డరింగ్ మీద, డేటాషీట్ల మీద ఆసక్తి ఉండి, ట్యాంకు కట్టి కనీసం ఏడాదైన వాళ్లయితేనే దిగండి. రెండూ ఒకేసారి కొత్తగా నేర్చుకుంటే పగడాలకి ప్రాణాంతకం.

డబ్బా మీద ఇప్పుడు రెండే లైట్లున్నాయి. ఎర్రది వెలిగితే కుడివైపు ప్లగ్గు పీకేసి నాకు ఫోన్ చేయాలి, పసుపుది వెలిగితే తొట్టి నింపాలి. ఆ మాటే కాగితం మీద రాసి గోడకి అంటించాను. పోయిన నెల నేను ఊళ్లో లేనప్పుడు అమ్మ ఫోన్ చేసింది.

“ఒరేయ్, నీ డబ్బా అరుస్తోంది.”

“ఏ లైటు వెలుగుతోందమ్మా?”

“పసుపుది.”

“అయితే ఏం ఫర్వాలేదు. తొట్టిలో నీళ్లయిపోయాయి, పక్కన క్యానులో ఉన్నవి పొయ్యి, చాలు.”

కాసేపటికి బజర్ ఆగిన చప్పుడు నాకూ వినపడింది.

“బిందెడు నీళ్లు పోయమని చెప్పడానికా దీన్ని అయిదేళ్లు చేశావు?” అని పెట్టేసింది.