ఒకే పొయ్యా, వంతులా, వేరు కాపురమా?

జనాభా లెక్కల్లో కుటుంబమంటే గోడలను బట్టి కాదు, పొయ్యిని బట్టి. ఒకే వంటింట్లో తినేవారంతా ఒక కుటుంబం. 2011లో నకిరేకల్ దగ్గరి మా ఊరికి లెక్కలు రాయడానికి వచ్చిన మాస్టారు "ఇంట్లో పొయ్యిలు ఎన్ని?" అని అడిగితే నాన్న "ఒకటే" అన్నాడు. అమ్మ, చిన్నమ్మ ముఖముఖాలు చూసుకున్నారు. అప్పటికి ఏడాదిగా రెండు వెలుగుతున్నాయి. వేరు పడ్డామని చెప్పుకోవడం నాన్నకు నామోషీ.

ఆ నామోషీని పక్కన పెట్టి చూస్తే, పెళ్ళైన కొడుకులూ ముసలి తల్లిదండ్రులూ ఎలా ఉండటం మేలు?

ఉమ్మడి పొయ్యి చంటిపిల్లలున్న ఇంటికి వరం. పత్తి ఏరే రోజుల్లో కోడలు చేనుకు వెళ్తే పిల్లను ఎత్తుకోవడానికి నాయనమ్మ ఉంటుంది. పాలమూరు నుంచి ముంబై, పుణే పనులకు వలస వెళ్ళిన కుటుంబాల్లో ఎందరో పిల్లల చదువు ఆగిపోకుండా నిలిపింది ముసలివాళ్ళే. కానీ ఈ ఏర్పాటు ఖరీదు కట్టేది ఎక్కువగా కొత్త కోడలు. అందరూ తిన్నాక తినడం, పుట్టింటికి వెళ్ళాలంటే ముగ్గురిని అడగడం. ఒక అన్న జీతగాడు, ఒక తమ్ముడు వర్షాధారపు రైతు అయితే ఎవరి సంపాదన ఎవరు తింటున్నారన్న మాట ఏదో ఒక పండుగ పూట బయటపడుతుంది. మా ఇంట్లో అది దసరాకు పడింది.

వంతుల గురించి నాకు రెండో అభిప్రాయం లేదు. ఇంతకంటే అన్యాయమైన ఏర్పాటు మరొకటి చూడలేదు. పొలంతోపాటు తల్లిదండ్రులనూ పంచుకుంటారు: ఈ నెల పెద్దవాడింట్లో, వచ్చే నెల చిన్నవాడింట్లో. మా వీధిలో ఒక అవ్వ ఒకటో తారీకు పొద్దున్నే చేతిసంచి, స్టీలు డబ్బా, చేతికర్ర పట్టుకుని ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి నడిచేది. మధ్య దూరం నాలుగు ఇళ్ళు. బీపీ మాత్రలు పాత ఇంట్లో మరచిపోతే అడగడానికి మొహమాటపడి రెండు రోజులు వేసుకోకుండా ఉండేది. ఫిబ్రవరికి 28 రోజులే కదా, మార్చి నాకెందుకు పడాలని కొడుకులు వాదించుకోవడం నా చెవులతో విన్నాను. పైకి సమన్యాయంలా కనిపిస్తుంది, అదే దాని మోసం. ఆమెకు తనదంటూ ఒక దండెం కూడా లేదు.

ఇక హైదరాబాదు ఫ్లాటు. నేను ఎల్బీనగర్‌లో ఉంటాను. నాన్నను పోయిన ఎండాకాలం తెచ్చిపెట్టుకున్నాను. దవాఖాన దగ్గర, మనవళ్ళు కళ్ళముందు, ఏ లోటూ లేదనుకున్నాను. ఆయన బాల్కనీలో కూర్చుని కింద పోయే బస్సులను లెక్కపెట్టాడు. పదకొండో రోజున "బత్తాయి చెట్లకు నీళ్ళు ఎవరు కడుతున్నారో" అన్నాడు. పన్నెండో రోజున బస్సెక్కించాను.

నా ఓటు ఒకే వాకిలి, వేరు పొయ్యిలకు. ఊళ్ళోనే ఉండే కొడుకులకు ఇది బాగా కుదురుతుంది. పక్కపక్క గదులు, బోరు ఒకటే, వంట వేరు. కూర గిన్నె అటూ ఇటూ నడుస్తుంది, లెక్కలు నడవవు. చేతిలో సొంత డబ్బు ఉండటం ఇక్కడ చాలా ముఖ్యం. 2014లో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016 అయిన ఆసరా పింఛను చూడటానికి చిన్న మొత్తమే. కానీ మందులకు కొడుకు ముందు చేయి చాపే పని తగ్గించింది. కొడుకు పట్నంలో ఉంటే పక్క వాకిలి కుదరదు. అయినా తల్లిదండ్రులిద్దరికీ ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఊళ్ళో సొంత పొయ్యే మేలు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి అమ్మ నెలకు రెండుసార్లు మా ఇంటికి వచ్చి పోతోంది. నాన్న మాత్రం టికెట్ కొనాలి, అదొక సాకు.

చిక్కంతా ఇద్దరిలో ఒకరే మిగిలినప్పుడు వస్తుంది. ఒంటరి ఆడమనిషి చాలావరకు నెట్టుకొస్తుంది, వండుకోవడం తెలుసు, ఇరుగుపొరుగు ఉంటారు. ఒంటరి మగవాడు ఆరు నెలల్లో చిక్కిపోతాడు. అందుకే తండ్రి ఒక్కడే మిగిలితే కొడుకు ఇంటికి మారాల్సింది ఆయనే, తల్లి మిగిలితే ఆమె మాట విన్నాకే నిర్ణయం.

ఏ ఏర్పాటైనా సరే, ఇల్లు బతికుండగా రాసివ్వకపోవడమే మంచిది. తప్పదంటే దానపత్రంలో పోషించాలన్న షరతు రాయించాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షను ప్రకారం, ఆ షరతు తప్పితే దానపత్రాన్ని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. మన దగ్గర ఆ దరఖాస్తు ఆర్డీవో ఆఫీసులో ఇవ్వాలి. పోషణ ఖర్చు కూడా అక్కడే అడగవచ్చు, నెలకు పదివేల వరకు ఇప్పించే వీలు ఆ చట్టంలో ఉంది.

ఈ కాగితం సంగతి నాన్నతో చెబితే "నా కొడుకు మీద నేను ఆర్డీవో దగ్గరికా?" అని నవ్వాడు. ఆ కొడుకును నేనే. అమ్మ మాత్రం నవ్వలేదు, ఏ సెక్షను అన్నావని మళ్ళీ అడిగింది.