ఏసీ ఆపడమా, ఎనభైలో పోవడమా: ఏది మేలు?

మా బాబాయ్‌ని ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరితే, పంతంగి టోల్ రాకముందే గొడవ మొదలవుతుంది. తనే ఏసీ ఆపేసి, "అద్దాలు దించరా, ఊరికే పెట్రోలు తాగేస్తోంది" అంటాడు. అప్పుడు స్పీడోమీటర్ ముల్లు 100 మీద ఉంటుంది. దాని ఊసెత్తడు.

బాబాయ్ మాట నిజమే, కాకపోతే ఎల్బీనగర్ దాటేవరకే. మామూలు పెట్రోలు కార్లలో ఏసీ కంప్రెసర్ ఇంజిన్ బెల్టుతోనే తిరుగుతుంది. ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు బండిని లాగడానికి ఇంజిన్‌కి పెద్ద పని ఉండదు, లోపల చల్లబరచడానికి మాత్రం బోలెడు పని. బాగా ఎండలో, దగ్గరి దూరాలకి ఏసీ వాడితే మైలేజీ నాలుగో వంతుకు పైగా పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ఊళ్లో అద్దాలు దించడమే చవక, చెమట ఓర్చుకోగలిగితే. నేనైతే ఎండలో నిలిపిన కారెక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించి, వేడిగాలి పోయాక ఏసీ వేస్తాను.

హైవే ఎక్కాక లెక్క వేరు. వేగం పెరిగినంత మాత్రాన ఏసీ తినేది పెద్దగా పెరగదు. దించిన అద్దాల్లోంచి దూరే గాలి మాత్రం కారుని వెనక్కి లాగుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ లాగుడూ పెరుగుతుంది. సరిగ్గా ఏ వేగం దగ్గర ఏసీ మేలవుతుందనేది కారు ఆకారాన్ని బట్టి, ఎండని బట్టి ఉంటుంది. అన్ని కార్లకీ ఒకటే అంకె చెప్పేవాళ్లని నమ్మకండి. ఎటు చూసినా తేడా కొంచెమే. దానికోసం కోదాడ దాకా లారీల పొగ మింగడం దండగ.

అసలు తేడా ఆ ముల్లు దగ్గరుంది. గాలి అడ్డు వేగం వర్గంతో (స్క్వేర్‌తో) పాటు పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగేది 25 శాతం, గాలి అడ్డు పెరిగేది 56 శాతం. టైర్ల రాపిడి దాదాపు అంతే ఉంటుంది కాబట్టి పెట్రోలు అంతగా పెరగదు. అయినా ఏసీ ఆపి మిగిల్చేది దీని ముందు చిల్లరే. మరి టైమో? 270 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా 80లో పోతే 3 గంటల 22 నిమిషాలు, 100లో పోతే 2 గంటల 42. కాగితం మీద 40 నిమిషాల లాభం. సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగామంటే అందులో చాలావరకు అక్కడే హరీ.

కంపెనీ చెప్పిన మైలేజీ రావట్లేదని తిట్టుకోవడానికీ కారణం ఇదే. మన దేశంలో ఇన్నాళ్లూ ఆ పరీక్ష ల్యాబ్‌లో, రోలర్ల మీద, ఏసీ వేయకుండా చేశారు. వేగం 90 దాటదు.

టైర్లలో గాలి సంగతి అందరూ చెప్పేదే. నాలుగింటిలోనూ 5 పీఎస్ఐ తక్కువుంటే పోయేది సుమారు 1 శాతం. టైర్ల అరుగుదల కోసమైనా చూసుకోండి. టాప్ మీది లగేజీ బాక్సు అలా కాదు, హైవే మీద 6 నుంచి 17 శాతం దాకా మింగుతుందని ఆ అమెరికా లెక్కలే అంటున్నాయి.

బాబాయ్ సొంత కారు మీద అలాంటి బాక్సే ఉంది. ఎప్పుడో తిరుపతి ప్రయాణానికి బిగించాడు. విప్పడానికి సరైన స్పానర్ ఇంకా దొరకలేదట.