ఫ్రంట్ యాక్సిల్ హబ్ సీల్ కిట్ కొనేవాళ్లు జాగ్రత్త: పెట్టె మీద ఒకటి, లోపల ఇంకొకటి

ఫోర్ బై ఫోర్ బండ్లకి "కంప్లీట్ ఫ్రంట్ యాక్సిల్ కిట్" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడే, అతని గురించే ఇది. పాత ల్యాండ్ క్రూజర్లు ఉన్నవాళ్లంతా ఆ ప్రకటన చూసే ఉంటారు. దయచేసి కొనకండి. ఇప్పటికే కొనేసి పెట్టెలో ఉంటే బిగించకండి.

హబ్ (చక్రం బిగించే, తిరిగే భాగం) బేరింగ్‌లు, హబ్ సీళ్లు, ఇన్నర్ యాక్సిల్ సీళ్లు (యాక్సిల్ గొట్టంలోని ఆయిల్ బయటికి రాకుండా ఆపేవి), కింగ్‌పిన్ బేరింగ్‌లు, నకల్ (స్టీరింగ్‌తో పాటు చక్రాన్ని పక్కకి తిప్పే కీలు) వెనక వైపర్ సీళ్లు, లాక్ వాషర్లు, రెండు పక్కలకీ సరిపడా అన్నీ, బేరింగ్‌లు ఒరిజినల్ జపాన్‌వి అని ప్రకటనలో ఉంది. బిగించిన కొద్ది రోజులకే ఎడమ నకల్ వెనక నుంచి నల్లటి జిడ్డు కారి టైరు లోపలి గోడంతా పాకింది. నకల్‌లో ఉండేది మాలీ గ్రీజు (మాలిబ్డినం కలిపిన గ్రీజు), చిక్కగా ఉండాలి. ఇది చారులా పల్చగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే గేర్ ఆయిల్ గంధకం వాసన. అంటే ఇన్నర్ యాక్సిల్ సీల్ దాటి డిఫరెన్షియల్ ఆయిల్ నకల్‌లోకి వచ్చి గ్రీజును కరిగించేసింది. అలాగే వదిలేస్తే ఆ ఆయిల్ స్పిండిల్ (హబ్ తిరిగే బోలు ఇరుసు) గుండా హబ్‌లోకి పోతుంది, వీల్ బేరింగ్ గ్రీజును కడిగేస్తుంది, చివరికి హబ్ సీల్ దాటి డిస్కు మీదా ప్యాడ్ల మీదా పడుతుంది. ఆయిల్ పీల్చిన ప్యాడ్లు ఎంత కడిగినా పనికిరావు, పారేయాల్సిందే.

విప్పి చూస్తే ఇన్నర్ సీల్ వేలితో లాగితేనే ఊడొచ్చింది. సరైన సీల్ అయితే పుల్లర్ వేసి పీకాలి. ఇనుప చుట్టు ఉన్న సీల్ బయటి వ్యాసం అది కూర్చునే రంధ్రం కంటే 0.1 నుంచి 0.2 మి.మీ. ఎక్కువ ఉంటుంది, ఆ బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. ఇది వర్నియర్‌లో రంధ్రంతో సమానంగా తేలింది. లిప్ (షాఫ్ట్‌కి ఆనుకునే సీల్ అంచు) వెనక చుట్టి ఉండే సన్నటి స్ప్రింగ్ రెండు కొసలూ విడిపోయి ఉన్నాయి, కాబట్టి లిప్‌ని షాఫ్ట్ మీదకి అదిమేదే లేదు. యాక్సిల్ బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోతే మంచి సీల్ కూడా కారుతుంది, అందుకని అది కూడా ఊది చూశాం, గాలి శుభ్రంగా పోతోంది. షాఫ్ట్ మీద లిప్ తిరిగే చోట గాడి పడిందేమోనని గోరుతో గీసి చూశాం, నున్నగా ఉంది. తప్పంతా సీల్‌దే.

బేరింగ్‌ల సంగతి ఇంకా ఘోరం. పెట్టె మీద పేరున్న కంపెనీ ముద్ర ఉంది. లోపల బేరింగ్ కోన్ (రోలర్లు ఉండే లోపలి రింగు) ముఖం మీద నంబరు ఉండాల్సిన చోట గ్రైండర్ గీతలు. కప్పు (హబ్‌లో కూర్చునే బయటి రింగు) మీద అసలు ఏ నంబరూ లేదు. టేపర్ రోలర్ బేరింగ్‌లో కప్పు, కోన్ జతగా ఉండాలి, వేర్వేరు తయారీవి కలిపితే రోలర్లు ఒక అంచునే మోస్తాయి, తొందరగా పొరలు లేచిపోతాయి. కుడి హబ్‌లో బయటివైపు బేరింగ్ కప్పు బొటనవేలితో నొక్కితేనే జారిపోయింది. అక్కడితో పని ఆపి ఆ పక్క వేరే బేరింగ్ తెప్పించి వేశాం. కప్పును డ్రిఫ్ట్‌తో (సుత్తి దెబ్బ అందించే లోహపు కడ్డీ) చుట్టూ సమంగా కొడుతూ దించాలి, అడుక్కి చేరగానే సుత్తి శబ్దం మారి గట్టిగా మోగుతుంది. వదులు కప్పు హబ్‌లో తిరగడం మొదలుపెడితే పోయేది బేరింగ్ ఒక్కటే కాదు, హబ్ కూడా.

ఫొటోలు, వర్నియర్ కొలతలు అన్నీ అమ్మినవాడికి పంపి మర్యాదగానే అడిగాం. వచ్చిన జవాబు అక్షరాలా ఇది: "నట్టు బిగించడం రానివాళ్లు బండి జోలికి పోకూడదు. వాడిన సామాను వెనక్కి తీసుకోం." సీల్ కారేది యాక్సిల్ గొట్టం లోపల, మీరు మాట్లాడేది హబ్ నట్టు గురించి, దానికీ దీనికీ ఏం సంబంధం అని అడిగితే సమాధానం లేదు. నట్టు మాటకొస్తే, 80 సిరీస్ ల్యాండ్ క్రూజర్‌కి 54 మి.మీ. సాకెట్‌తో మొదట 59 న్యూటన్ మీటర్లకి బిగించి, హబ్‌ని అటూ ఇటూ చాలాసార్లు తిప్పి, వదులు చేసి, మళ్లీ 5.4కి బిగించాం. లాక్ నట్టు 64. చక్రం బిగించే స్టడ్‌కి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగితే హబ్ 28 నుంచి 56 న్యూటన్ల మధ్య కదలాలి, కదిలింది. ఇదంతా రాసి పంపాక బ్లాక్ చేశాడు. బిగిస్తే గానీ బయటపడని లోపానికి "వాడేశారు కాబట్టి తీసుకోం" అనడం పచ్చి మోసం. ముందు చక్రం బేరింగ్ అండీ ఇది, దాని మీద మనుషులు ప్రయాణం చేస్తారు. అంకె చెరిపేసిన బేరింగ్‌ని పేరున్న పెట్టెలో పెట్టి అమ్మడానికి చేయి ఎలా వచ్చిందో!

ఇంకో మాట, రెండు పక్కలకీ అన్న కిట్‌లో లాక్ వాషర్ ఒక్కటే ఉంది. చెవులు ఒకసారి వంచిన పాత వాషర్ మళ్లీ వాడితే విరిగి నట్టు వదులవుతుంది, కొత్తది విడిగా కొనండి.

కిట్‌గా కొనకుండా బేరింగ్‌లూ సీళ్లూ పార్ట్ నంబరుతో విడివిడిగా తీసుకోండి. పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, కప్పు మీదా కోన్ మీదా నంబర్లు చదవండి, సీల్ బయటి వ్యాసం కొలవండి, స్ప్రింగ్ చుట్టూ వేలు తిప్పి చూడండి. ఇదే కిట్ ఇప్పటికే వేసుకున్నవాళ్లు నకల్ పైన ఉన్న ఫిల్లర్ ప్లగ్ విప్పి లోపల పుల్ల ముంచి చూడండి. గ్రీజు పల్చగా కారిందంటే ఆ చక్రం వెంటనే విప్పించండి.